విద్యుత్ కారు వెల – పన్నుల లెక్క – గృహిణుల కర్తవ్యము

చింతపండు, కందిపప్పు మొదలగు వెచ్చములు కొనునప్పుడు నాలుగంగళ్ళు విచారించి, తూకము సరిచూచుకొని, చిల్లర లెక్కపెట్టుకొని తెచ్చుకొనుట మన గృహిణులకు పుట్టుకతో వచ్చిన విద్య. అట్టివారే పది పండ్రెండు లక్షల రూపాయలు పోసి మోటారు కారు కొనునప్పుడు మాత్రము “అది మగవారి వ్యవహారము, మనకేమి తెలియును?” అని తొలగిపోవుచున్నారు. సంవత్సరముల తరబడి కట్టవలసిన నెలవాయిదా ఇంటి ఖర్చులలో నుండియే పోవలెను. పిల్లల బడి జీతములు, పాల పద్దు, పండుగ బట్టలు, పుట్టింటివారి రాకపోకలు, ఇవి యన్నియు ఆ వాయిదాకు లోబడి కుదించుకొనవలసినవే. కావున ఈ వ్యవహారమున గృహిణి నోరు మెదపకుండుట ఎంతమాత్రము తగదు.

ఇటీవల విద్యుత్తుతో నడచు కార్లను గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. “పెట్రోలు అక్కరలేదు, పొగ లేదు, చప్పుడు లేదు, పైగా ప్రభుత్వము పన్ను తీసివేసినది, ఇంతకంటె లాభమేమున్నది?” అని అమ్మకందారు లందురు. “ఎన్ని తీసివేసినను దాని వెల పెట్రోలు కారు వెలకంటె ఎక్కువే గదా!” అని ఇరుగుపొరుగు వారందురు. రెండు మాటలయందును నిజము కొంత కొంత కలదు. ఏ యింటికి ఏ మాట నిజమగునో తేల్చునది పన్నుల లెక్క. ఆ లెక్కను మన ఇంటి జమాఖర్చు లెక్కవలె తేటపరచుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కారు వెలలో ఏమేమి యుండును?

కారు కొన్నవారు చెల్లించు సొమ్ములో మూడు భాగములు కలవు. మొదటిది కర్మాగారము వారును దుకాణదారును తీసికొను అసలు వెల. రెండవది దేశమంతటికిని ఒకే తీరున నుండు వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి. మూడవది బండిని రిజిష్టరు చేయించునప్పుడు ఆయా రాష్ట్ర ప్రభుత్వము వసూలు చేయు రహదారి పన్ను. దీనిని ఒక్కసారియే కట్టుదురు గనుక మన ప్రాంతమున జీవితకాలపు పన్ను అనియు వ్యవహరింతురు. భీమా ఖర్చు వీటికి అదనము.

విద్యుత్ కారునకు అసలు వెలయే ఎక్కువ. ఏలయన, దానిలోని లిథియం బ్యాటరీ మిక్కిలి ఖరీదైన వస్తువు. కారు వెలలో పెద్ద పాలు దానిదే. ఈ బ్యాటరీల ధర కొన్ని సంవత్సరములుగా తగ్గుచు వచ్చినను, పెట్రోలు యంత్రముతో సమముగా చౌక కాలేదు. అందుచేత ఈ రెంటికిని ఒకే పన్ను వేసినచో విద్యుత్ కారు సామాన్య కుటుంబమునకు అందని ఫలమగును. ఈ యెడమును పన్నుల ద్వారా తగ్గింపవలెననుటయే ప్రభుత్వముల ఉద్దేశము.

2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినప్పుడు విద్యుద్వాహనములకు నూటికి 12 చొప్పున పన్ను విధించిరి. 2019 ఆగస్టు 1 నుండి దానిని 5కు తగ్గించిరి. బండిలో బ్యాటరీ అమర్చియున్నను లేకున్నను ఈ 5 వంతులే వర్తించునని 2022లో వివరణ మిచ్చిరి. ఆ కాలమున పెట్రోలు కార్లకు నూటికి 28 పన్నును, దానిపై పరిహారపు సెస్సును ఉండెను. చిన్న పెట్రోలు కారునకు ఈ రెండును కలిసి 29 వంతులు. పెద్ద కార్లకు కొన్నిటికి 50 వంతుల వరకును పోయెను.

2025 సెప్టెంబరు 22న ఈ లెక్క మారినది. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200 సి.సి.కి మించని యంత్రమును గల పెట్రోలు కార్లకు పన్ను 18కి తగ్గెను. అంతకు పెద్దవానికి సెస్సు తీసివేసి 40గా నిర్ణయించిరి. విద్యుత్ కార్లకు మాత్రము ఎప్పటివలె 5 వంతులే నిలిచెను. “మన పన్ను పెరుగలేదు గదా, మనకేమి?” అని విద్యుత్ కారు కొనదలచినవారు తలంపవచ్చును. కాని లెక్క చేసి చూచిన సంగతి వేరుగా తేలును.

ఒక చిన్న లెక్క

సులువుగ బోధపడుటకై ఊహించిన అంకెలను తీసికొందము. పన్నులు లేని పెట్రోలు కారు వెల 8,00,000 రూపాయలనియు, దానితో పోల్చదగిన విద్యుత్ కారు వెల 11,00,000 అనియు అనుకొందము. అసలు వెలలో తేడా 3 లక్షలు.

విద్యుత్ కారునకు 5 వంతుల చొప్పున 55,000 చేర్చగా 11,55,000 అగును. 2025 సెప్టెంబరునకు పూర్వము పెట్రోలు కారునకు 29 వంతులు చేర్చినచో 10,32,000 అయ్యెడిది. తేడా 1,23,000 మాత్రమే. ఆ తరువాత పెట్రోలు కారునకు 18 వంతులే గనుక వెల 9,44,000 అయ్యెను. తేడా 2,11,000కు పెరిగెను. విద్యుత్ కారు మీద పన్ను ఒక్క రూపాయియు పెరుగలేదు. అయినను పెట్రోలు కారుతో పోల్చి చూచునప్పుడు అది 88,000 రూపాయలు దూరమైనది. పొరుగువాని గోడ తగ్గించినచో మన గోడ ఎత్తుగ కనబడును గదా! పన్ను విధానమున ముఖ్యముగా గ్రహింపవలసిన సంగతి యిది. మనము కొనదలచిన వస్తువు మీది పన్నుతోపాటు దానికి పోటీగా నున్న వస్తువు మీది పన్నును గూడ చూడవలెను.

ఇక రాష్ట్రముల వంతు. తెలంగాణ ప్రభుత్వమువారు 2020లో ప్రకటించిన విద్యుద్వాహన విధానమున మొదట రిజిష్టరగు 5,000 సొంత కార్లకు రహదారి పన్ను మినహాయించిరి. ఆ మితిని తొలగించి, 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు రిజిష్టరగు విద్యుత్ కార్లన్నిటికిని రహదారి పన్నును, రిజిష్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించుచు తరువాత ఉత్తరువు లిచ్చిరి. ఈ మినహాయింపు విలువ తెలియవలెనన్న పెట్రోలు కారు కొన్నవారు కట్టు పన్నును చూడవలెను. 2022లో సవరించిన రేట్ల ప్రకారము 5 లక్షలు మొదలు 10 లక్షల లోపు కారునకు నూటికి 14, 10 లక్షలు మొదలు 20 లక్షల లోపు కారునకు 17 వంతులు.

పై లెక్కలోని 9,44,000 రూపాయల పెట్రోలు కారునకు 14 వంతుల చొప్పున 1,32,160 రూపాయల పన్ను పడును. విద్యుత్ కారునకు సున్న. అందుచేత 2,11,000గా నున్న తేడా 78,840కు దిగును. ఒకవేళ మినహాయింపు గడువు తీరిన పిమ్మట విద్యుత్ కారునకును అదే తీరున 17 వంతుల పన్ను వేసిరనుకొందము. అప్పుడు 1,96,350 కట్టవలెను. తేడా 2,75,190 అగును. ఒకే కారు, ఒకే దుకాణము; ఉత్తరువులోని తేదీకి ముందు కొన్నవారికిని తరువాత కొన్నవారికిని దాదాపు రెండు లక్షల భేదము!

రోజువారీ ఖర్చు

అయితే కారు కొనుటతోనే ఖర్చు ముగియదు. నెలకు 900 కిలోమీటర్లు తిరుగు కుటుంబము నొకదానిని తీసికొందము. లీటరునకు 15 కిలోమీటర్లు నడచు కారునకు 60 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు 107 రూపాయలనుకొన్నచో 6,420 అగును. విద్యుత్ కారునకు, చార్జి చేయునప్పుడు వ్యర్థమగునది గూడ కలుపుకొని 140 యూనిట్లు కావలెననియు, యూనిట్ 10 రూపాయలనియు అనుకొన్నచో 1,400. నెలకు మిగులు 5,020.

ఈ మిగులులో పన్నుల పాత్ర చాల కలదు. పెట్రోలు ఇప్పటికిని జి.ఎస్.టి.లో చేరలేదు. దానిపై కేంద్ర ప్రభుత్వము ఎక్సైజు సుంకమును, రాష్ట్ర ప్రభుత్వము వ్యాట్ పన్నును వేరువేరుగ వసూలు చేయుచున్నవి. ఇంటి కరెంటునకు జి.ఎస్.టి. లేదు. కాని వీధిలోని చార్జింగు కేంద్రమున బండికి విద్యుత్తు ఎక్కించినచో దానిని సేవగా నెంచి నూటికి 18 పన్ను వేయుదురు. సొంత యింట బండి నిలుపు చోటును, ప్లగ్గును గలవారికి ఒక లెక్క. పై అంతస్తులలో అద్దెకుండి వీధి కేంద్రములపై ఆధారపడువారికి వేరొక లెక్క. ఇంటియందు చార్జి చేయువారు గూడ ఒక సంగతి మరువరాదు. యూనిట్లు పెరిగిన కొలది రేటు పెరుగు పద్ధతి మనకు తెలిసినదే. కారునకు ఖర్చగు యూనిట్లన్నియు పై మెట్టు రేటునకే వచ్చి చేరును. కావున వేరు మీటరు పెట్టించుకొనుట లాభమా కాదా యని విద్యుత్ కార్యాలయమున ముందే విచారించుకొనవలెను.

ఇప్పుడు రెండు లెక్కలను కలిపి చూతము. రహదారి పన్ను మినహాయింపుతో కొన్నవారికి తేడా 78,840. నెలకు 5,020 మిగులు చొప్పున అది పదునారు మాసములలో పూడిపోవును. మినహాయింపు లేనివారికి తేడా 2,75,190. అది పూడుటకు నాలుగు సంవత్సరముల ఏడు మాసములు పట్టును. ఇది నెలకు 900 కిలోమీటర్లు తిరుగువారి మాట. ఆదివారము నాడు గుడికిని, పండుగకు పుట్టింటికిని తప్ప బండి తీయని కుటుంబములు మనలో ననేకము. నెలకు 300 కిలోమీటర్లే తిరిగినచో మిగులు 1,673 మాత్రమే. మినహాయింపు ఉన్నను తేడా పూడుటకు సుమారు నాలుగేండ్లు. లేనిచో పదమూడేండ్లకు పైగా! బ్యాటరీకి కర్మాగారములవారు సాధారణముగ నిచ్చు పూచీ ఎనిమిదేండ్లు. అప్పు తెచ్చి కొన్నవారి సంగతి మరింత విచారింపదగినది. ఆ అదనపు 2,75,190 రూపాయలను నూటికి 9 వడ్డీతో అయిదేండ్ల వాయిదాలకు తెచ్చినచో మొదటి సంవత్సరపు వడ్డీయే 22,000 మించును. నెలకు 300 కిలోమీటర్లు తిరుగువారికి పెట్రోలులో మిగులునది సంవత్సరమునకు ఇరువది వేలే. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఆదాయపు పన్నులో మినహాయింపు

విద్యుద్వాహనము కొనుటకు చేసిన అప్పుపై వడ్డీకి సంవత్సరమునకు 1,50,000 రూపాయల వరకు ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు నొసగు విధి 80ఇఇబి అను సెక్షనుగా 2019లో వచ్చెను. ఇది 2019 ఏప్రిల్ 1 మొదలు 2023 మార్చి 31 వరకు మంజూరైన అప్పులకే చెల్లునని విధించిరి. పాత పన్ను విధానము ననుసరించువారికే ఈ సదుపాయము. కొత్త విధానమున లేదు. ఉద్యోగము చేయు స్త్రీలు ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. అప్పు ఎవరి పేర నున్నదో వారికే ఈ మినహాయింపు. జీతము భార్యదై, వాయిదా ఆమె ఖాతానుండి పోవుచు, అప్పు పత్రమున భర్త పేరు మాత్రమే యున్నచో ఆమెకు దక్కున దేమియు లేదు. పన్నులను మాట యటుంచి, సొమ్ము మనదైనప్పుడు కాగితముపై మన పేరుండుట న్యాయము.

కేంద్ర ప్రభుత్వమువారు ఫేమ్ రెండవ పథకమును 2019 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకును, పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమును 2024 అక్టోబరు నుండియు నడపిరి. వీని క్రింద స్కూటర్లకును, బస్సులకును ధనసహాయ మొసగిరే గాని, కుటుంబములవారు సొంతమునకు కొను కార్లకు ఒసగలేదు. కాబట్టి సొంత కారునకు లభించు ఆదరువు పన్ను తగ్గింపే. దుకాణదారు “సబ్సిడీ” అని తీయగా చెప్పినచో ఏ పథకము, ఏ ఉత్తరువు అని నిలిపి యడుగవలెను.

ఇతర దేశముల అనుభవము

ఈ విషయమున నార్వే దేశపు చరిత్ర చదువదగినది. 1989లో ఆ దేశమున పర్యావరణోద్యమకారుడు ఫ్రెడ్రిక్ హౌగెయు, ‘ఆ-హా’ అను సంగీత బృందమువారును విద్యుత్తుతో నడచునట్లు మార్చిన చిన్న ఫియట్ కారు నెక్కి, రహదారి సుంకము చెల్లింపక తిరుగుచు, జరిమానాలను లెక్కచేయక ప్రభుత్వము దృష్టి నాకర్షించిరి. 1990లో కారు కొనుగోలు పన్నును, 1997లో రహదారి సుంకమును, 2001లో అమ్మకపు పన్నును విద్యుత్ కార్లకు ఆ ప్రభుత్వము మినహాయించెను. పెట్రోలు కార్లపై మాత్రము భారీ పన్నులు అట్లే యుండెను. ఫలితమేమన, 2024లో ఆ దేశమున అమ్ముడుపోయిన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే. అలవాటు స్థిరపడిన పిమ్మట ఆ ప్రభుత్వము కొంచెము కొంచెముగ చేయి వెనుకకు తీసికొనెను. 2023 నుండి 5,00,000 క్రోనర్లకు మించిన వెలపై మాత్రము అమ్మకపు పన్ను వేసెను.

డెన్మార్కువారు ఇందుకు వేరుగ నడచిరి. అలవాటు పాదుకొనకముందే, 2016 నుండి విద్యుత్ కార్లపై రిజిష్ట్రేషను పన్నును మెల్లగ విధింప నారంభించిరి. వెంటనే అమ్మకములు కూలిపోయినవి. 2017లో ఆ నిర్ణయమును సడలింపవలసి వచ్చినది. అమెరికాలో కొత్త విద్యుత్ కారు కొన్నవారికి 7,500 డాలర్ల వరకు పన్ను తగ్గింపు ఉండెడిది. అది 2025 సెప్టెంబరు 30తో ముగిసినది. గడువునకు ముందు జనులు ఎగబడి కొనిరి. మరుసటి మాసమున అమ్మకములు పడిపోయెను. మన దేశస్థులు అచ్చట ననేకులు కాపురముండుటచే ఆ తొందర మన కుటుంబములలో కొందరికి స్వయముగ తెలిసియే యుండును.

ఎవరికి ఎంత లాభము?

ఇక న్యాయవిచారణ. పన్ను మినహాయింపు అనగా ఆకాశమునుండి రాలిన సొమ్ము కాదు. ఖజానాకు రావలసినది రాకపోవుట. ఆ ఖజానానుండియే బడులు, ఆసుపత్రులు, స్త్రీలకు ఉచితముగ నడుపుచున్న బస్సులు సాగవలెను. కావున ఆ మేలు ఎవరికి చేరుచున్నదో చూచుట మన ధర్మము.

మన లెక్కలోని 11 లక్షల కారునకు 18 వంతులకు బదులు 5 వంతులే వేయుటచే ప్రభుత్వము వదలుకొనునది 1,43,000 రూపాయలు. 60 లక్షల అసలు వెల గల గొప్పవారి విద్యుత్ కారునకును అదే 5 వంతులు. అంతటి పెట్రోలు కారైనచో 40 వంతులు కట్టవలెను గనుక వదలుకొనునది 21 లక్షలు! అనగా సామాన్యుని కుటుంబమునకు చేసిన సహాయమునకు దాదాపు పదునైదు రెట్లు ధనవంతునకు చేరుచున్నది. తెలంగాణ రహదారి పన్ను మినహాయింపునకును వెలతో నిమిత్తము లేదు. కర్ణాటకమువారు 2024లో 25 లక్షలు మించిన విద్యుత్ కార్లపై నూటికి 10 జీవితకాలపు పన్ను విధించిరి. నార్వేవారును వెలకు మితి పెట్టుకొనిరని పైన చెప్పితిమి.

“గొప్పవారు కొన్నను పొగ తగ్గును గదా!” అని కొందరు వాదింతురు. అది నిజమే. నగరములలో పసిబిడ్డలు పీల్చు గాలి యెవరి కారు వలన శుభ్రపడినను మేలే. కాని అరువది లక్షలు పెట్టగలవారు పన్ను కట్టినను కొనగలరు. పన్ను తీసివేయనిచో కొనజాలనివారు మధ్యతరగతి కుటుంబములవారు. ఉన్న సొమ్ము మితమైనప్పుడు, ఎవరి నిర్ణయము ఆ సొమ్ముచే మారునో వారికే దానిని వినియోగించుట వివేకము. వెలకు ఒక మితి యేర్పరచి, దానికి లోబడిన కార్లకును, స్కూటర్లకును, బస్సులకును మినహాయింపు చాలకాలము నిలుపుట మేలని మా అభిప్రాయము. గడువులు తీరు దినము దగ్గరపడు వరకు ఏమగునో తెలియకుండుట గూడ మంచిది కాదు. నాలుగైదేండ్లకు ముందుగనే ఏ సంవత్సరమున ఎంత పన్ను ఉండునో ప్రకటించినచో కుటుంబములు తమ పొదుపును తదనుగుణముగ దిద్దుకొనగలవు.

గృహిణి విచారింపవలసినవి

కారు కొనదలచిన యింట గృహిణి ఈ ప్రశ్నల నడుగవలెనని మనవి చేయుచున్నాము. మన బండి నెలకు నిజముగ నెన్ని కిలోమీటర్లు తిరుగును? అంచనా వేయక మూడు నెలల పెట్రోలు రసీదులు కూడి చూడవలెను. రహదారి పన్ను మినహాయింపు మన రాష్ట్రమున రిజిష్టరు చేయించు దినమునకు అమలులో నుండునా? డబ్బు కట్టిన దినము కాదు, రిజిష్టరైన దినమే ముఖ్యము. బండి చేతికి వచ్చుట ఆలసించిన లాభము జారిపోవచ్చును. ఇంటనే చార్జి చేయు వీలున్నదా? బ్యాటరీకి పూచీ యెన్నేండ్లు? వేరుగ కొనవలసి వచ్చినచో బ్యాటరీకి పన్ను నూటికి 18. బండితో పాటు కొన్నప్పటి 5 కాదు. పాత విద్యుత్ కారును దుకాణములో కొన్నచో, వ్యాపారి పొందిన లాభముపై 18 వంతుల పన్ను గలదని 2024 డిసెంబరులో నిర్ణయించిరి. ఒక గృహస్థు మరియొక గృహస్థునకు అమ్మినచో ఆ పన్ను లేదు. మూడవవారి భీమా రుసుములో విద్యుత్ కార్లకు నూటికి 15 తగ్గింపు 2022 నుండి వచ్చినది. అది పత్రమున చూపబడినదా యని సరిచూచుకొనవలెను.

వీనికి సమాధానములు ఒక కాగితముపై వ్రాసి, కూడి, తీసివేసి చూచుటకు ఒక సాయంకాలము చాలును. ఆ లెక్కలో విద్యుత్ కారు లాభమని తేలినచో సంతోషముగ కొనవచ్చును. గాలియు శుభ్రపడును, పద్దును తగ్గును. తేలనిచో మరి రెండేండ్లు ఆగుటయో, విద్యుత్ స్కూటరుతో సరిపెట్టుకొనుటయో మేలు. అందు చిన్నతన మేమియు లేదు. ప్రభుత్వము మాఫీ చేసినదన్న సంబరముతో కొనినను, వెల హెచ్చన్న వెరపుతో మానినను, లెక్క చూడని నిర్ణయమునకు మూల్యము చెల్లించునది ఇల్లే. చింతపండు తూకము సరిచూచిన కన్నులు పన్నుల పట్టికను గూడ సరిచూడగలవు; సందేహము లేదు.